నీళ్ళ కింది రేకులు

అన్యాయం జరిగింది ఎవరికి? లాంచీ నడిపే సరంగుకు. ఎలా జరిగింది? రేవు ఆఫీసులో, నలుగురి ఎదుట, సొంత తమ్ముడు చెప్పిన సాక్ష్యం వల్ల. అయితే రేవులో ఎవరిని అడిగినా ఈ జవాబు రాదు. వాళ్ళ లెక్కలో అన్యాయం జరిగింది చిన్న పడవవాడికి, చేసింది సరంగు. ఆ లెక్క తప్పని నమ్మిన మనిషి ఒక్కతే. ఆమె సరంగు భార్య, ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరైన టీచరమ్మ. తప్పు లెక్కను చూసి ఊరుకోవడం ఆమెకు ఎన్నడూ చేతకాలేదు.

జరిగింది ఇది. వాన మొదలైన ఒక సాయంత్రం ప్రయాణికులతో జెట్టీకి తిరిగి వస్తున్న లాంచీ, అడ్డంగా దాటుతున్న చిన్న పడవను గుద్దింది. పడవ ముక్కలైంది. పడవవాడు ప్రాణాలతో బయటపడ్డాడు గాని, అతని కుడి చెయ్యి మళ్ళీ తెడ్డు పట్టలేదు. విచారణలో సరంగు చెప్పింది ఒకే మాట. "వాన జల్లుకు జనమంతా వెనక కప్పు కిందికి చేరారు. లాంచీ ముక్కు పైకి లేచింది. ముందు నీళ్ళు కనబడలేదు. రేకులు దించే స్విచ్చి నొక్కాను. దీపం వెలిగింది, ముక్కు మాత్రం దిగలేదు."

ఆ రేకులంటే ఏమిటో తెలియనివారి కోసం ఒక మాట చెప్పాలి. లాంచీ వెనక, నీటి మట్టానికి దిగువన, కుడి ఎడమల చెరొక ఉక్కు రేకు కీలు మీద ఆడుతూ ఉంటుంది. షెడ్డులో వాటిని ట్రిమ్ ట్యాబులంటారు. స్విచ్చి నొక్కితే రేకు కిందికి వంగుతుంది. వంగిన రేకును నీళ్ళు పైకి తోస్తాయి. వెనక భాగం లేచిందంటే ముక్కు దానంతట అదే దిగుతుంది.

లాంచీ బాగోగులు చూసే షెడ్డు సరంగు తమ్ముడిది. కాబట్టి ఆఫీసర్లు అతణ్ణి పిలిచి అడిగారు. అతను చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు. "గుద్దడానికి ముందురోజే లాంచీని పైకి తీసి అడుగుకు ఎర్ర రంగు వేశానండీ. రేకులు రెండూ నా కళ్ళతో చూశాను, బ్రహ్మాండంగా ఉన్నాయి. అయినా ఇలాంటి నిదానం లాంచీకి అవి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. పరుగు పడవలకే వాటితో పని. మా అన్నయ్య... ఏం చెప్పమంటారు? ఆ క్షణాన చూపు పక్కకు పోయి ఉంటుంది."

తమ్ముడే అన్నకు వ్యతిరేకంగా చెబుతున్నాడంటే అది నిజమే అయి ఉండాలని ఆఫీసర్లు అనుకున్నారు. లాంచీని నీళ్ళలోంచి పైకి తీసి చూడాలని ఒక్కరికీ తోచలేదు. సరంగు లైసెన్సు పోయింది. తాను లాంచీ నిలిపిన జెట్టీలోనే, గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని టికెట్లు చించే పనికి కుదిరాడు. విచారణ ముగిశాక పాత లాంచీని తమ్ముడే చవగ్గా కొని తన షెడ్డుకు ఈడ్చుకుపోయాడు. అది అక్కడ ఒక మూల, దుంగల మీద, టార్పాలిన్ పట్టా కింద ఏళ్ళ తరబడి పడి ఉంది.

ఆనాటినుంచి టీచరమ్మ ఇంట్లో మరిదికి కుర్చీ లేదు. ముందు గదిలో గోడకు ఒక మడత కుర్చీ చేరేసి ఉండేది. పూర్వం అతను వచ్చీ రాగానే దాన్ని తానే విప్పుకుని కూర్చునేవాడు. ఇప్పుడు అతను వస్తే ఆమె గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడేది.

"కుర్చీకి తుప్పు పడుతుంది వదినా," అని నవ్వేవాడు అతను.

"పట్టనీ. నువ్వు మీ అన్నయ్యకు ఒక నిజం బాకీ. అది తీర్చిన రోజున కూర్చుందువు గాని."

"విన్నావా అన్నయ్యా? వదిన ఎప్పుడో వడ్డీ కూడా అడుగుతుంది."

సరంగు ఇద్దరి మధ్యా తలుపు పట్టుకుని నిలబడేవాడు. తమ్ముడు వెళ్ళాక, "పోనిద్దూ. వాడు నా తమ్ముడు," అనేవాడు.

"అందుకే పోనివ్వను," అనేది ఆమె.

ఒకనాడు ఇంటి గేటు కీలు విరిగింది. అతికించే పనివాడు రేవు మొత్తానికి మరిది షెడ్డులోనే ఉన్నాడు. టీచరమ్మ కీలును పాత గుడ్డలో చుట్టుకుని బయలుదేరింది. షెడ్డు తలుపు దాటబోతుండగా లోపలి మాటలు చెవిన పడ్డాయి. ఒక గొంతు కళ్ళ డాక్టరుది. ఆ మధ్యనే ఆమె కంటి పొర తీసింది ఆయనే కనుక గుర్తుపట్టింది. రెండో గొంతు మరిదిది. పట్టా తీసేసిన పాత లాంచీ వెనక, మెరిసిపోయే కొత్త రేకుల పక్కన, ఇద్దరూ నిలబడి ఉన్నారు.

"నాకు పందేలు వద్దయ్యా," అంటున్నాడు డాక్టరు. "సెలవు రోజున స్నేహితులతో నిదానంగా షికారు తిరుగుతాను. దానికి ఈ రేకులెందుకు? ఊరికే అంటగడుతున్నావేమోనని నా అనుమానం."

"అయ్యో డాక్టరు గారూ! నిదానంగా పోయేవాళ్ళకే ఇవి ప్రాణం. పరుగు పడవ ఎలాగూ నీళ్ళ మీదికెక్కి చదునుగా పోతుంది. చిక్కంతా నడిమి వేగంలోనే. వెనక నలుగురు కూర్చున్నారా, ముక్కు ఆకాశంలోకి! ఎదురుగా ఏనుగు నిలబడినా కనబడదు. ఈ రేకులు కాస్త దించారనుకోండి, ముందు నీళ్ళు అద్దంలా కనబడతాయి."

టీచరమ్మ తలుపు దగ్గరే ఆగిపోయింది. మరిది అలికిడికి తల తిప్పి చూశాడు.

"వదినా! ఎప్పుడొచ్చారు?"

"ఏనుగు వచ్చినప్పుడే వచ్చాను."

అతని నవ్వు సగంలో నిలిచింది. "సరుకు అమ్ముకునేటప్పుడు నాలుగు మాటలు ఎక్కువే చెబుతాం కదా," అంటూ డాక్టరును ఇంజను చూపించడానికి అవతలికి తీసుకుపోయాడు.

ఆమె పనివాడికి కీలు ఇచ్చి, అక్కడే నిలబడి ఆలోచించింది. ఒకే నోరు. రేవు ఆఫీసులో ఒక మాట, షెడ్డులో ఇంకొక మాట. రెండూ నిజం కావడానికి వీల్లేదు. అయితే అబద్ధం ఏది? ఆనాటిదా, ఈనాటిదా? తనకు అనుకూలంగా ఉందని సరుకు అమ్ముకునేవాడి మాటను సాక్ష్యంగా పట్టుకుంటే, తనకూ ఆ ఆఫీసర్లకూ తేడా ఏముంటుంది? అనుమానం ఆమెకు కొత్తేమీ కాదు, ఇన్నేళ్ళూ కాపురం చేసింది దానితోనే. కాని అనుమానం మీద ఎవరికీ శిక్ష వేయకూడదు. బడిలో కూడా దొంగను పేరు పెట్టి పిలిచేముందు ఆమె పెట్టె తెరిచి చూసేది.

లాంచీ వెనక భాగం దగ్గరగా వెళ్ళింది. అడుగున ఎర్ర రంగు పాతదే. అక్కడక్కడ పెచ్చులు లేచింది గాని, కుంచె మళ్ళీ తగిలిన జాడ లేదు. కొత్త రేకులు ఇరుకువి, పాతవి వెడల్పువి కావచ్చు. ఎందుకంటే కొత్త కీళ్ళకు రెండు చివరలా, రంగు కింద, గుండ్రంగా ఉబ్బిన మచ్చలు వరుసగా కనిపించాయి. ఒకదాన్ని గోటితో తట్టింది. కర్ర మేకు. మర తీసేసిన కన్నంలో కర్ర మేకు కొట్టి, దాని పైన రంగు పూశారు.

ఆమె మరొకసారి చూసింది. మేకు మీద రంగు ఉంది. రంగు మీద మేకు లేదు.

"ఏమిటి వదినా, అంత దగ్గరగా చూస్తున్నారు?" అన్నాడు మరిది వెనకనుంచి. గొంతులో తొందర ఉంది.

"డాక్టరు గారు కొత్త కన్ను ఇచ్చారు కదా, వాడుకుంటున్నాను. ఈ రంగు ఎప్పుడు గీకేస్తావు?"

"బేరం కుదరగానే. మొత్తం గీకించి కొత్తగా వేయిస్తా."

అంటే బేరం కుదిరేదాకానే గడువు. ఆ ఎర్ర రంగు పెచ్చులుగా నేలరాలిందంటే, వాటితో పాటే సరంగు మాట కూడా చెత్తబుట్టలోకి పోతుంది.

డాక్టరు బయటికి నడుస్తుంటే ఆమె వెంట నడిచింది.

"డాక్టరు గారూ, మీ అనుమానం సరైనదే. మాట మీద ఎందుకు కొనడం? రేకులు ఎత్తి ఒకసారి, దించి ఒకసారి నడిపించి చూడండి. ఆ లాంచీ అలవాటైన చెయ్యి మా ఆయనది."

"మంచి సలహా," అన్నాడు డాక్టరు. "మీరూ రండి."

"వస్తాను. అయితే లాంచీ నీళ్ళలోకి దిగకముందే ఒక్కసారి దాని వెనక భాగం చూడండి. ఏం కనబడిందో ఇప్పుడే నాకు చెప్పకండి, గుర్తు మాత్రం పెట్టుకోండి."

డాక్టరు ఆమెను ఎగాదిగా చూశాడు. ఆ తరువాత జేబులోంచి చిన్న టార్చి తీసి వెనక్కి వెళ్ళాడు. రోగి కంట్లోకి చూసినంత శ్రద్ధగా చూసి వచ్చాడు.

ఇంట్లో సరంగు మొదట ఒప్పుకోలేదు. "వాడి బేరం చెడగొట్టడానికా?" అన్నాడు.

"బేరం చెడదు. మీరు చెప్పింది నిజమని మీరైనా చూసుకోరా?"

ఆయన నెమ్మదిగా, "ఒక్కొక్కసారి నాకే అనుమానంగా ఉంటుందే. నిజంగానే చూపు పక్కకు పోయిందేమో," అన్నాడు.

టీచరమ్మకు అప్పుడు తెలిసింది, పోయింది లైసెన్సు ఒక్కటే కాదని. మరిది అన్న మాట ఇన్నేళ్ళలో ఆయన లోపలికి కూడా దూరిపోయింది.

లాంచీని నీళ్ళలోకి దించిన రోజున గాలి లేదు. ప్రయాణికులు ఎక్కడం లేదు కనుక సరంగు చక్రం పట్టుకోవడానికి లైసెన్సు లేకపోవడం అడ్డు రాలేదు. అన్న వచ్చి చక్రం ముందు నిలబడేసరికి మరిది మొహం మాడింది. "నేనే నడుపుతాలే అన్నయ్యా," అన్నాడు. "అలవాటైన చెయ్యే కావాలి," అన్నాడు డాక్టరు. వెనక కప్పు కింద ఇసుక బస్తాలు వేయించింది టీచరమ్మ.

"ఇవెందుకు వదినా?"

"డాక్టరు గారి స్నేహితులు. ఒళ్ళు చేసినవాళ్ళట."

డాక్టరు సరంగు పక్కన కూర్చున్నాడు. దూరంగా, కాలువ మలుపులో, దారి గుర్తుకు గొలుసుతో కట్టిన ఎర్ర పీపా తేలుతోంది. దాని మీదే చూపు నిలిపాడు.

మొదట నడక వేగం. రేకులు ఎత్తి నడిపినా, దించి నడిపినా తేడా ఏమీ కనబడలేదు. పీపా రెండుసార్లూ కనబడింది. "చూశావా? దండుగ," అన్నాడు డాక్టరు. మరిదికి బేరం చెయ్యి జారుతున్నట్టు తోచింది.

"ఇంత మెల్లగా పోతే రేకుల బదులు పళ్ళేలు కట్టుకుని పోయినా ఒకటేనండీ! కాస్త పెంచమనండి. అన్నయ్యా, పెంచు. మీరు షికారుకు పోయేది ఆ వేగంలోనే."

సరంగు వేగం పెంచే పిడి ముందుకు తోశాడు. లాంచీ వెనక్కి కుంగింది. ముక్కు లేచింది, ఇంకా లేచింది. వెనక నీళ్ళు గుంట పడి, దాని వెంట పెద్ద అల పుట్టింది. ఇంజను రొప్పసాగింది.

"పీపా?" అంది టీచరమ్మ.

"ఉంది... ఉంది... లేదు," అన్నాడు డాక్టరు. మెడ చాచాడు, లేచి నిలబడబోయాడు. "లేదమ్మా. ముక్కు తప్ప ఏమీ కనబడడం లేదు."

"ఇప్పుడు రేకులు దించండి."

సరంగు వేలు స్విచ్చి మీదికి వెళ్ళి ఒక్క క్షణం ఆగింది. ఆ తరువాత నొక్కింది. దీపం వెలిగింది. లాంచీ వెనకనుంచి ఎవరో మెల్లగా ఎత్తినట్టు చదునైంది. గుంట పూడింది, ఇంజను గొంతు తేలికపడింది. ముక్కు దిగింది. దాని మీదుగా ఎర్ర పీపా, పీపా మీద కూర్చున్న పక్షి కూడా కనబడ్డాయి.

"అద్దంలా!" అని మరిది చప్పట్లు కొట్టాడు. "చెప్పానా లేదా? నిదానం లాంచీకే ఇవి ప్రాణమని చెప్పానా?"

సరంగు పిడి వెనక్కి లాగాడు. లాంచీ నీళ్ళ మీద నిలిచింది.

"చెప్పావు," అంది టీచరమ్మ. "ఇప్పుడు నాకొక లెక్క తేల్చు. ఆ సాయంత్రం కూడా ఇదే లాంచీ, ఇదే నడిమి వేగం, వెనక ఇంతకన్నా ఎక్కువ బరువు. మీ అన్నయ్య స్విచ్చి నొక్కాడు. రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయన్నావు. మరి ముక్కు ఎందుకు దిగలేదు?"

"ఏమో వదినా... అన్నయ్య నొక్కాడో లేదో ఎవరు చూశారు?"

"నొక్కలేదే అనుకుందాం. ముక్కు లేచి ఏమీ కనబడలేదన్నది నిజమా కాదా? ఇప్పుడే అందరం చూశాం. ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అని నువ్వు చెప్పలేదా?"

"ఏదో... బిగుసుకుపోయి ఉంటాయి ఆ రోజు."

"అంతకు ముందురోజే నీ కళ్ళతో చూశానన్నావే. రంగు కూడా వేశావు. ఆ తరువాత ఈ లాంచీకి ఎవరైనా రంగు వేశారా?"

"లేదు. పట్టా కిందే పడి ఉంది కదా."

"డాక్టరు గారూ, మీరు టార్చి వేసి చూసింది ఏమిటో ఇప్పుడు చెప్పండి."

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "కొత్త రేకుల పక్కన పాత మర కన్నాలున్నాయి. కర్ర మేకులతో పూడ్చారు. మేకుల మీద ఎర్ర రంగు ఉంది."

"రంగు వేసేనాటికే మేకులున్నాయి," అంది ఆమె. "మేకులున్న చోట రేకులు ఉండవు. మా ఆయన స్విచ్చి నొక్కితే దీపం వెలిగింది, ఎందుకంటే దీపం లోపలే ఉంది. నీళ్ళ కింద ఏమీ లేదు. రేకులు ఎక్కడ పెట్టావు?"

మరిది వదిన వైపు చూడలేక అన్న వైపు చూశాడు. సరంగు చూపు మాత్రం ఎర్ర పీపా మీదే ఉంది.

"నువ్వు తీశావట్రా?" అన్నాడు ఆయన, చూపు తిప్పకుండానే.

తమ్ముడు ఇసుక బస్తా మీద కూలబడ్డాడు. "ఒక పరుగు పడవ తొందర పని వచ్చింది అన్నయ్యా. దాని రేకులు వంగిపోయాయి. నీవి తీసి దానికి బిగించాను. వారంలో కొత్తవి తెప్పించి పెట్టేద్దామనుకున్నా. నిదానం లాంచీకి వాటితో పనేముందిలే అని షెడ్డుల్లో అందరం అనుకునే మాటే. నేనూ అలాగే నమ్మాను. నీకు చెబితే వద్దంటావని చెప్పలేదు."

"విచారణనాటికి కూడా అలాగే నమ్మావా?" అంది టీచరమ్మ.

అతను తల అడ్డంగా ఊపాడు. "గుద్దిందని తెలియగానే అర్థమైంది."

లాంచీ జెట్టీకి చేరేలోపే అతను రాజీ బేరం మొదలుపెట్టాడు. "అన్నయ్యా, షెడ్డులో సగం నీది. పోనీ ఈ లాంచీయే తీసుకో, డాక్టరు గారికి ఇంకొకటి చూపిస్తా. ఇంటికొచ్చి నీ కాళ్ళు పట్టుకుంటా. నలుగురిలోకి మాత్రం లాగొద్దు."

సరంగు మెత్తబడ్డాడు. భార్య వైపు చూశాడు.

"నువ్వు అబద్ధం చెప్పింది ఇంట్లోనా?" అంది ఆమె మరిదితో. "రేవు ఆఫీసులో చెప్పావు. అక్కడే తీర్చాలి. రేకులు ఉన్నాయన్నది ఒకటి, ఉన్నా లేకున్నా ఒకటేనన్నది ఇంకొకటి, చూపు పక్కకు పోయిందన్నది మరొకటి. మూడూ తీరాలి. చిల్లరగా ఇస్తే నేను పుచ్చుకోను."

"షెడ్డు మూతపడుతుంది వదినా!"

"మీ అన్నయ్య బతుకు మూతపడినప్పుడు నువ్వు ఏ షెడ్డులో ఉన్నావు?"

డాక్టరు లేచి, "నేనైతే ఈ లాంచీ కొంటాను," అన్నాడు. "కాని ఆ ఎర్ర రంగు గీకించేది రేవు ఆఫీసువాళ్ళు చూశాకే."

రేవు ఆఫీసులో ఆఫీసరు మారాడు గాని గది మారలేదు. అవే బల్లలు, అదే గోడ గడియారం. పడవవాణ్ణి టీచరమ్మే స్వయంగా వెళ్ళి పిలుచుకువచ్చింది. అతను కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వెనక బల్ల మీద కూర్చున్నాడు. జెట్టీ జనం కిటికీల దగ్గర మూగారు.

మరిది ఆనాడు నిలబడిన చోటే నిలబడ్డాడు. ఈసారి చేతులు కట్టుకోలేదు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. రేకులు తీసింది తానేనని చెప్పాడు. ముక్కు లేస్తే ఏమీ కనబడదని చెప్పాడు. అక్కడ ఆగాడు. గదిలో అందరూ అయిపోయిందనుకున్నారు. టీచరమ్మ కదలకుండా అతన్నే చూస్తూ కూర్చుంది.

"ఇంకొకటి ఉందండీ," అన్నాడు మరిది. "మా అన్నయ్య చూపు పక్కకు పోలేదు. ఆ మాట నేను కల్పించాను."

వెనక బల్ల మీదినుంచి పడవవాడు లేచాడు. "అయితే ఇన్నాళ్ళూ నేను తిట్టింది వేరే మనిషినన్నమాట," అన్నాడు. నడిచి వచ్చి సరంగు ముందు నిలబడి ఎడమ చెయ్యి చాపాడు. సరంగు దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ తరువాత పడవవాడు మరిది వైపు తిరిగాడు. "నీ సంగతి మనం విడిగా మాట్లాడుకోవాలి."

"మాట్లాడుకుందాం," అన్నాడు మరిది. "తప్పించుకోను."

ఆఫీసరు లాంచీ వెనక భాగాన్ని తన కళ్ళతో చూసి వచ్చాడు. సరంగు లైసెన్సు తిరిగి ఇస్తున్నట్టు అందరి ముందూ ప్రకటించాడు. తొలి తీర్పు తప్పని కూడా అన్నాడు. ఆ రెండో మాట అనేదాకా టీచరమ్మ కుర్చీలోంచి లేవలేదు.

కొన్నాళ్ళకు మరిది ఇంటికి వచ్చాడు. షెడ్డుకు బేరాలు తగ్గాయి, మనిషి కూడా తగ్గాడు. అలవాటు ప్రకారం గుమ్మంలోనే నిలబడ్డాడు. సరంగు ఇంట్లో లేడు. డాక్టరు తన లాంచీని ఆయన చేతుల్లోనే పెట్టాడు, ఆ పూట స్నేహితులతో షికారుకు వెళ్ళారు.

"అన్నయ్యకు చెప్పండి వదినా, ఎడమ రేకు కీలు కాస్త బిగుతుగా ఉంది, నూనె వేయమని. అది చెబుదామనే వచ్చా."

"నువ్వే చెప్పు. వచ్చే వేళైంది."

అతను సరేనని తల ఊపి, గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. టీచరమ్మ గోడ దగ్గరికి వెళ్ళి మడత కుర్చీని తీసింది. కీళ్ళు నిజంగానే తుప్పు పట్టాయి, ఒక పట్టాన విచ్చుకోలేదు. మోకాలితో అదిమి విప్పి, పైట చెంగుతో దుమ్ము దులిపి, గది మధ్యలో వేసింది.

"కూర్చో," అంది.